సైకిలు గొలుసు సంరక్షణ

సైకిలు గొలుసు (వాడుకలో చైను) అనేది తొక్కేవారి కాళ్ళ బలాన్ని పెడళ్ళ నుండి వెనుక చక్రానికి చేరవేసే లోహపు భాగం. దీనిని ఎప్పటికప్పుడు శుభ్రపరచి, తగిన నూనె వేసి, అరుగుదలను కొలిచి చూసుకోవడాన్ని గొలుసు సంరక్షణ అంటారు. ఖరీదైన పనిముట్లేవీ లేకుండా ఇంటివద్దనే చేసుకోదగిన పని ఇది. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నేలను, వాతావరణాన్ని దృష్టిలో ఉంచుకొని ఆ విధానాన్ని ఈ వ్యాసంలో వివరించడమైనది.

నిర్మాణం

సైకిలు గొలుసులో లోపలి పలకల జతలు, వెలుపలి పలకల జతలు ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. లోపలి పలకలను కలుపుతూ బోలుగా ఉండే బుష్, దానిమీద తిరిగే రోలరు ఉంటాయి. బుష్ గుండా పోయే పిన్ను వెలుపలి పలకలను కలుపుతుంది. ఒక పిన్ను నుండి మరొక పిన్నుకు దూరం సరిగ్గా అర అంగుళం, అనగా 12.7 మి.మీ. గేర్లు లేని సాధారణ సైకిళ్ళలో గొలుసు లోపలి వెడల్పు 3.2 మి.మీ. ఉండగా, గేర్ల సైకిళ్ళలో 2.4 మి.మీ. లేదా అంతకంటె తక్కువ ఉంటుంది.

పళ్ళ చక్రంమీదకు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు గొలుసులోని ప్రతి కీలు వంగుతుంది. అప్పుడు రాపిడి పొందేవి పిన్ను, బుష్. అవి రెండూ కంటికి కనిపించవు. కనుక నూనె పని చేయవలసిన చోటు గొలుసు లోపలే తప్ప పైభాగం కాదు. గొలుసు సంరక్షణకు మూలసూత్రం ఇదే.

చరిత్ర

గొలుసును పోలిన చిత్రాలు లియొనార్డో డావిన్సీ రాతప్రతులలో కనిపిస్తాయి. నేడు వాడుకలో ఉన్న బుష్, రోలరు గల గొలుసుకు స్విట్జర్లాండులో పుట్టిన హాన్స్ రెనాల్డ్ 1880లో ఇంగ్లాండులోని మాంచెస్టరులో పేటెంటు పొందాడు. అంతకుముందు ప్రచారంలో ఉన్న ఎత్తు సైకిళ్ళలో పెడళ్ళు నేరుగా ముందు చక్రానికే ఉండేవి. అందువల్ల వేగం కావాలంటే చక్రాన్ని పెద్దది చేయడమే మార్గం. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలులో గొలుసు ద్వారా వెనుక చక్రాన్ని తిప్పే ఏర్పాటు స్థిరపడింది. 1903లో రైట్ సోదరుల విమానంలో కూడా ఇంజను శక్తిని ప్రొపెల్లర్లకు గొలుసులే అందించాయి.

భారతదేశంలో మద్రాసులోని టి.ఐ. సైకిల్స్ (1949), సోనీపత్‌లోని అట్లాస్ (1951), లూధియానాలోని హీరో (1956) సంస్థల స్థాపనతో సైకిలు సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. పిన్నుల మధ్య దూరం అన్నిటికీ అర అంగుళమే కావడం వల్ల, వెడల్పు సరిపోతే ఒక సంస్థ సైకిలుకు మరొక సంస్థ గొలుసు వేసుకోవచ్చు.

ప్రాంతీయ పరిస్థితులు

మేడ్చల్, శామీర్‌పేట పట్టణాలు 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనివి. మేడ్చల్ మీదుగా 44వ నెంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి ఉన్నాయి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి రెండు చోట్లనూ తాకుతూ పోతుంది. దాని ప్రధాన మార్గంమీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు గనుక సైకిళ్ళవారు పక్కనున్న సర్వీసు రోడ్లనే వాడుకోవాలి.

ఈ ప్రాంతపు నేలకు ఆధారం గ్రానైటు శిల. అది శిథిలమై మొరం, ఎర్రని చెల్క నేలలు ఏర్పడ్డాయి. గ్రానైటులోని క్వార్ట్‌జ్ రేణువులు సులభంగా నశించక ఇసుకగా మిగులుతాయి. మోహ్స్ కాఠిన్య మానంలో క్వార్ట్‌జ్ విలువ 7. అంటే అది మామూలు ఉక్కును గీయగలదు. జిడ్డు గొలుసుకు అంటిన ఈ ధూళి సానపొడివలె పిన్నులను, బుష్‌లను అరగదీస్తుంది. లారీల గాలికి ఇసుక, కంకర పొడి కొట్టుకొని వచ్చి రోడ్డు అంచున పేరుకుంటాయి. సైకిలు నడిచేది కూడా ఆ అంచునే. జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలకు ఇదే ధూళి బురదగా మారి తుప్పుకు కారణమవుతుంది.

గొలుసు చెడిపోతే కలిగేది ఖర్చు మాత్రమే కాదు. భారీ వాహనాలు తిరిగే రోడ్డును దాటుతూ, పెడలుమీద బలమంతా పెట్టిన క్షణంలో గొలుసు జారినా తెగినా కాలు అదుపు తప్పి మనిషి పడిపోతాడు. బడికి వెళ్ళే పిల్లలు, రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే కార్మికులు ఈ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త వహించాలి.

శుభ్రపరచవలసిన సమయం

రోజూ వాడే సైకిలు గొలుసును వారానికొకసారి పొడిబట్టతో తుడవాలి. నెలకొకసారి పూర్తిగా శుభ్రపరచాలి. వానలో తడిసినట్లయితే అదేరోజు తుడిచి నూనె వేయాలి. కిచకిచమనే శబ్దం, నల్లని జిడ్డు, ఎర్రని తుప్పు, పళ్ళమీద గొలుసు ఎగరడం, కీళ్ళు బిగుసుకొని పోవడం అశ్రద్ధకు గుర్తులు.

కావలసిన వస్తువులు

పాత నూలు బట్ట, వాడి విడిచిన పళ్ళ బ్రష్షు, చిన్న గిన్నెలో కొద్దిగా కిరోసిన్ (లేదా పాత్రలు తోమే ద్రవసబ్బు, నీళ్ళు), కుట్టుమిషను నూనె వంటి పలుచని యంత్రపు నూనె, బడిపిల్లల 30 సెం.మీ. స్కేలు, స్పానరు.

విధానం

1. సైకిలును వెనుక చక్రం నేలకు తగలకుండా స్టాండుమీద నిలపాలి. అటువంటి స్టాండు లేకపోతే గోనెపట్టామీద తలకిందులుగా నిలపవచ్చు. చైన్ కవరు ఉంటే దాని స్క్రూలు విప్పాలి.
2. మొదట పొడి బ్రష్షుతో మట్టిని రాల్చాలి. మట్టి ఉండగానే కిరోసిన్ పోస్తే ఇసుక లోపలికి చేరుతుంది.
3. పెడలును వెనుకకు తిప్పుతూ, బ్రష్షును కిరోసిన్‌లో ముంచి గొలుసు నాలుగు వైపులా రుద్దాలి. ఫ్రీవీల్ ఉన్న సైకిలులో ఇలా తిప్పితే గొలుసు కదులుతుంది గాని చక్రం తిరగదు.
4. ముందు, వెనుక పళ్ళ చక్రాల సందులలోని జిడ్డును బట్ట అంచుతో తీయాలి.
5. బట్టతో గొలుసును గట్టిగా పట్టుకొని, నలుపు అంటడం తగ్గేవరకు తుడవాలి. సబ్బునీళ్ళు వాడితే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, గంటసేపు ఎండలో ఆరనివ్వాలి.
6. ఒక్కొక్క రోలరుమీద ఒక్కొక్క చుక్క చొప్పున నూనె వేయాలి. గొలుసు కింది వరుసలో పళ్ళవైపు ఉండే ముఖంమీద వేస్తే నూనె లోపలికి దిగుతుంది.
7. పెడలును ఇరవై ముప్పై సార్లు తిప్పి, పది నిమిషాలు ఆగి, పైన మిగిలిన నూనెను పూర్తిగా తుడిచివేయాలి. చాలామంది వదిలివేసే మెట్టు ఇది. పైన నిలిచిన నూనె దుమ్మును పట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

నూనె ఎంపిక

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. చలికాలపు ఉదయాలలో ఇక్కడి ఉష్ణోగ్రత అంతకంటె తక్కువే. వేరుసెనగ, నువ్వుల నూనెలు కొంతకాలానికి గాలి తగిలి జిగురుగా మారుతాయి. వాహనాల నుండి తీసిన పాత ఇంజను నూనెలో లోహపు పొడి, మసి, చర్మానికి హానిచేసే పదార్థాలు ఉంటాయి. గ్రీజు చిక్కగా ఉండి లోపలికి దిగదు. పలుచని యంత్రపు నూనె అన్ని విధాల మేలు.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జరిగి 1999లో వెల్లడైన ప్రయోగాలలో, గొలుసు అందించే శక్తి గరిష్ఠంగా 98.6 శాతం వరకు ఉన్నట్లు తేలింది. ప్రయోగశాలలోని శుభ్రమైన గొలుసుకు నూనె ఉన్నా లేకున్నా ఈ ఫలితంలో పెద్ద తేడా రాలేదు. కాని అక్కడ రోడ్డుమీది ధూళి లేదన్నది గమనించాలి. దుమ్ము, తడి లోపలికి చేరకుండా అడ్డుకోవడం నూనె చేసే ముఖ్యమైన పనులలో ఒకటి.

అరుగుదలను కొలవడం

"చైను సాగింది" అనడం వాడుక. నిజానికి ఉక్కు పలకలు సాగవు. పిన్నులు, బుష్‌లు అరిగి కీళ్ళు వదులు కావడం వల్ల మొత్తం పొడవు పెరుగుతుంది. ఒక్కొక్క కీలు వద్ద 0.06 మి.మీ. అరిగినా 100 కీళ్ళకు కలిపి 6 మి.మీ. అవుతుంది.

కొలిచేందుకు గొలుసును బిగువుగా ఉంచి, ఒక పిన్ను మధ్యభాగం నుండి 20 అర అంగుళాల అవతలి పిన్ను మధ్యభాగం వరకు స్కేలు పెట్టాలి. కొత్త గొలుసులో ఇది 254 మి.మీ. ఉంటుంది. 255.3 మి.మీ. (0.5 శాతం) చేరితే గేర్ల సైకిలు గొలుసును మార్చాలి. గేర్లు లేని సైకిలులో 256.5 మి.మీ. (1 శాతం) వరకు ఆగవచ్చు. అంతకు మించితే పళ్ళు కూడా అరిగి, మొనదేలి, కొత్త గొలుసు వాటిపై నిలవదు. అప్పుడు గొలుసుతో పాటు పళ్ళ చక్రాలను కూడా మార్చవలసివస్తుంది.

బిగువు, లాక్

గేర్లు లేని సైకిలులో గొలుసు మధ్యభాగం పైకి, కిందికి కలిపి సుమారు ఒకటి నుండి ఒకటిన్నర సెం.మీ. కదలాలి. వదులైతే గొలుసు ఊడిపోతుంది, మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి. సరిచేయడానికి వెనుక చక్రం ఇరుసు నట్లను రెండువైపులా వదులుచేసి, చక్రాన్ని వెనుకకు లాగి, అది చట్రం నడుమ తిన్నగా ఉండేట్లు చూసి తిరిగి బిగించాలి. గొలుసు చివరలను కలిపే లాక్ యొక్క మూసిన కొన, గొలుసు ముందుకు కదిలే దిశలో ఉండాలి. తారుమారైతే లాక్ ఊడే ప్రమాదం ఉంది.

జాగ్రత్తలు

గొలుసు పళ్ళమీదకు ఎక్కే చోట వేళ్ళు ఉంచరాదు. వెనుక చక్రాన్ని వేగంగా తిప్పుతూ ఎన్నడూ తుడవరాదు. పిల్లలు పెడలు తిప్పుతుండగా పెద్దలు తుడవడం కూడా ప్రమాదమే. వేలు నలిగేందుకు ఒక్క క్షణం చాలు.

పెట్రోలును ఎట్టి పరిస్థితులలోనూ వాడరాదు. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో కిరోసిన్ ఆవిరి కూడా నిప్పు అంటుకోగలదు. కనుక నీడలో, గాలి తగిలే చోట, పొయ్యికి దూరంగా పని చేసుకోవాలి.

కిరోసిన్‌ను మంచినీళ్ళ సీసాలలో ఉంచరాదు. పిల్లలు నీళ్ళనుకొని తాగితే అది ఊపిరితిత్తులలోకి చేరి ప్రాణాపాయం కలిగిస్తుంది. అటువంటప్పుడు వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

మిగిలిన మురికి కిరోసిన్‌ను కాలువలలో, బావుల దగ్గర, శామీర్‌పేట చెరువు వంటి జలాశయాల ఒడ్డున పారబోయరాదు. మట్టి అడుగున తేరిన తరువాత పైన తేటను వేరే డబ్బాలో ఉంచి మరల వాడుకోవచ్చు.

చీర కొంగు, చున్నీ, వదులైన పైజామా గొలుసులో చిక్కుకోకుండా చైన్ కవరును తప్పక తిరిగి బిగించాలి. పని ముగిసిన తరువాత ఇంటిముందు నెమ్మదిగా ఒక చుట్టు తొక్కి, గొలుసు జారడం లేదని నిర్ధారించుకొన్న తరువాతనే రహదారిమీదకు వెళ్ళాలి.

ఇవి కూడా చూడండి

సైకిలు
ఘర్షణ
తుప్పు
మేడ్చల్
శామీర్‌పేట