బురుజు మీద రాణీగారు

విజయనగరం కోట ముందర ఫోటో దిగి వచ్చేశాం, ఇంకేటుంది తాతా అక్కడ అన్నావు కదా. కూచో బాబూ, ఆ సెల్లు కాస్త పక్కనెట్టు.

మన మల్కాపురం నుంచి విజయనగరం వెళ్లడమంటే అప్పట్లో పెద్ద ప్రయాణమే. ఇక్కడ కాల్‌టెక్స్ రిఫైనరీ కొత్తగా పెట్టిన రోజులు. వాల్తేరు స్టేషన్లో పాసింజరెక్కితే టిక్కెట్టు రూపాయికి అటూ ఇటూ. కిటికీ పక్క చోటు కోసం పెద్దవాళ్లే పిల్లల్తో దెబ్బలాడేవారు. కొత్తవలస దాటేసరికి కంట్లో బొగ్గు నలుసు పడి, ‘నువ్వు కూచోరా నాన్నా’ అని ఎక్కడలేని ప్రేమా ఒలకబోసేవారు. పులిహోర పొట్లం అలమండ దాకా ఆగేది కాదు. ఆ పులిహోర సంగతి ఎత్తితే తెల్లారిపోద్ది, కోటలోకి రా.

1713లో పునాది వేశారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమనే మంగళవారం, కట్టించినాయన విజయరామరాజు, ఊరు విజయనగరం. ముహూర్తమంటే అలా ఉండాలి! నగారాఖానా గుమ్మం దగ్గరికి రాగానే మా నాన్న భుజమ్మీది కండువా తీసి నడుముకి చుట్టుకునేవాడు. జమీందారీలే పోయాయి, ఇంకెవరు చూస్తారు నాన్నా అంటే, గుమ్మం చూస్తుందిరా అనేవాడు.

దసరా వెళ్లిన మంగళవారం ఆ ఊరి అమ్మవారు పైడితల్లమ్మకి సిరిమాను ఉత్సవం, పూజారిని పొడవాటి మాను మీద కూచోబెట్టి ఊరేగిస్తారు. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, రాజుగారి కుటుంబం బురుజు మీంచి చూస్తారు. మా మేనత్త పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని, ఆ ఉక్కలో, రాణీగారి చీర అంచేటో చూడాలని బురుజు వైపే మెడ సాచి నిలబడింది. సిరిమాను రెండుసార్లు ముందునుంచే వెళ్లినా ఎరగదు. మూడోసారి మేమే గడ్డం పట్టుకుని ఇటు తిప్పాం. ఇంటికొచ్చాక మాత్రం నెల్లాళ్లూ ఆ అంచు కబుర్లే, అమ్మవారి ఊసే లేదు.

రాజుల సొమ్ము రాళ్లపాలంటారు. ఆ ఊళ్లో ఈ సామెత చెల్లదురా. ఆ రాజుల వంశంలోని పీవీజీ రాజుగారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటని చదువులకిచ్చేశారు. కోరుకొండ ప్యాలెస్‌లో 1962 నుంచి సైనిక్ స్కూలు. అంతకు చాలాముందే, 1919లో, అప్పటి రాజుగారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారి చేతిలో పెట్టారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన ఫిడేలు విని ఏకంగా పాఠాలు చెప్పమన్నారు. అలాంటి ఊరికెళ్లి నువ్వు మొదట అడిగింది బిరియానీ ఎక్కడ బావుంటుందనట!