అంచనా పన్ను జరిమానా (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఆదాయపు పన్నును సంవత్సరం ముగిసేవరకు ఆగకుండా, ఆదాయం వస్తుండగానే చెల్లించవలసి ఉంటుంది. ఈ పద్ధతి 1943 నాటి చట్టంతో స్థిరపడింది. జీతగాండ్ర పన్నును యజమాని ప్రతి జీతంలోను మినహాయిస్తాడు. స్వయం ఉపాధి, అద్దెలు, వాటాల అమ్మకం వంటి ఆదాయం కలవారు తామే అంచనా వేసి వాయిదాలలో చెల్లిస్తారు. ఈ చెల్లింపు తగ్గినప్పుడు పన్నుల శాఖ (ఐఆర్‌ఎస్) విధించేదే అంచనా పన్ను జరిమానా.

గడువులు

వాయిదాలు నాలుగు: ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, మరుసటి సంవత్సరం జనవరి 15. సెలవు దినమైతే గడువు తరువాతి పనిదినానికి మారుతుంది.

జరిమానా పడని సందర్భాలు

* మినహాయింపులు పోగా చెల్లించవలసిన పన్ను 1,000 డాలర్లకు తక్కువగా ఉన్నప్పుడు.
* ఆ సంవత్సరపు పన్నులో 90 శాతం గాని, గత సంవత్సరపు పన్నులో 100 శాతం గాని, ఏది తక్కువైతే అది సకాలంలో చెల్లించినప్పుడు. గత సంవత్సరపు సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం 1,50,000 డాలర్లు దాటితే 100కు బదులు 110 శాతం చెల్లించాలి.

గత సంవత్సరం అక్కడ రిటర్ను దాఖలు చేయనివారికి గత సంవత్సరపు పన్ను ఆధారంగా లెక్కించే వీలు లేదు. కొత్తగా వలస వెళ్ళిన తెలుగువారు దీనిని గమనించాలి.

లెక్కించు విధానం

జరిమానాను ప్రతి వాయిదాకు విడివిడిగా, గడువు తేదీ నుండి చెల్లించిన తేదీ వరకు లేదా మరుసటి ఏప్రిల్ 15 వరకు, ఏది ముందైతే అంతవరకు లెక్కిస్తారు. ఇది వడ్డీ వంటిది, చక్రవడ్డీ కాదు. రేటు మూడు నెలలకొకసారి ప్రకటింపబడుతుంది. 2024లో అది 8 శాతం, 2025 తొలి మూడు నెలలలో 7 శాతం. ఉదాహరణకు 2024 ఏప్రిల్ వాయిదా 2,000 డాలర్లను 2025 ఏప్రిల్ 15న చెల్లించిన వ్యక్తికి సుమారు 154 డాలర్ల జరిమానా పడుతుంది. రిటర్నుతో పాటు మొత్తం పన్ను కట్టినా ఇది తప్పదు.

తగ్గించుకొను మార్గాలు

జీతం నుండి మినహాయించిన పన్నును సంవత్సరమంతా సమానంగా చెల్లించినట్లు పరిగణిస్తారు. కనుక కొరత తెలిసిన వెంటనే డబ్ల్యూ-4 పత్రం ద్వారా మినహాయింపును పెంచుకుంటే ముందరి వాయిదాల లోటు కూడా తగ్గుతుంది. ఆదాయం సంవత్సరాంతంలో వచ్చినవారు 2210 పత్రంలో ఆదాయం వచ్చిన కాలాన్ని బట్టి వాయిదాలు లెక్కించవచ్చు. ప్రకృతి వైపరీత్యం వంటి అసాధారణ పరిస్థితులలోను, 62 ఏళ్ళు నిండి ఆ సంవత్సరం లేదా అంతకు ముందు సంవత్సరం పదవీ విరమణ చేసి, తగిన కారణం చూపినవారికిను జరిమానా రద్దు కావచ్చు. "నియమం తెలియదు" అన్నది మాత్రం చాలిన కారణం కాదు.