పెచ్చూడే గచ్చు, అరిగిపోని రాయి: పాతబస్తీలో శిథిలత

2019 మే 1 రాత్రి చార్మినార్ మినారు ఒకదాని నుంచి గచ్చు పెచ్చు ఊడి కిందపడింది. వాననీరు, వాహనాల అదురు రెండూ అప్పట్లో చర్చకొచ్చాయి. కట్టడం శిథిలమవుతోందని చాలామంది బాధపడ్డారు. ఆ మాట స్థితిని చెబుతుంది, కారణాన్ని చెప్పదు. శిథిలత అనే ఒక్క పేరు కింద వేర్వేరు ప్రక్రియలున్నాయి. వాటిని విడదీయకుండా మరమ్మతుకు దిగితే నష్టం పెరిగే అవకాశమే ఎక్కువ.

ముందు రాయి సంగతి. 1591లో కట్టిన చార్మినార్‌కు గ్రానైటు, డంగుసున్నమే ప్రధాన సామగ్రి. హైదరాబాద్ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అందులోని పొటాషియం-40 పరమాణువుల్లో సగం క్షయం కావడానికి దాదాపు 125 కోట్ల ఏళ్లు పడుతుంది. ఆ లెక్కన, రాయి పుట్టిననాటి పొటాషియం-40లో ఇప్పుడు నాలుగో వంతే మిగిలి ఉండాలి. ఈ వేగం ఎండకూ వానకూ మారదు. ఫలానా పరమాణువు ఎప్పుడు మారుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, మొత్తం మీద ఎంత తరుగుతుందో లెక్కగట్టవచ్చు. గోడ బలానికి మాత్రం దీనితో పనిలేదు.

గచ్చుకు అలాంటి లెక్క కుదరదు. సున్నపురాయిని 900 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాలిస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది. ఆ సున్నాన్ని తడిపి, ఇసుక కలిపి, గానుగలో ఆడిస్తే డంగుసున్నం అవుతుంది. దాన్ని గచ్చుగా పూస్తే, గాలిలోంచి అదే వాయువును మెల్లగా పీల్చుకుని గట్టిపడుతుంది. ఇందులో కలిపే బెల్లం, కరక్కాయ నీళ్లను ముందే రోజుల తరబడి పులియబెడతారు. వంటింట్లో చెడిపోయిందని పారబోసేది ఇక్కడ పనికొస్తుంది. పులిసిన రసం సున్నానికి పట్టు ఇస్తుందని మేస్త్రీల నమ్మకం. కొన్ని ప్రయోగశాల పరీక్షలు దాన్ని బలపరిచాయి, అయితే పాళ్లు మారితే ఫలితమూ మారుతుంది.

గచ్చును ఎక్కువగా దెబ్బతీసేది నీళ్లు మోసుకొచ్చే ఉప్పు. చెమ్మ ఆరేచోట ఉప్పు స్ఫటికాలు రంధ్రాల్లో పెరిగి పూతను లోపలి నుంచి నెడతాయి. పైన తెల్లటి పొడి తేలుతుంది. వేలి కణుపుతో కొడితే డొల్ల చప్పుడొస్తుంది. అక్కడ పూత అప్పటికే గోడను వదిలేసిందన్నమాట. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ సున్నపు పూత పైపొరను జిప్సంగా మార్చేస్తుంది, నల్లటి పెంకు కడుతుంది. ఇలాంటి గోడకు సిమెంటు అతుకు వేస్తే చెమ్మ ఆ అతుకులోంచి బయటికి రాలేక పక్కనున్న పాత గచ్చులోకి మళ్లుతుంది. రాలేది పాతదే కాబట్టి, బలహీనమైనది అదేనని చూసేవాళ్లకు అనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఈ పొరపాటు.

అన్ని నష్టాలూ కాలం చేసినవి కావు. పాతబస్తీలోని మొహర్రం సంతాప మందిరం బాద్‌షాహీ అషుర్‌ఖానాలో గోడల కింది భాగపు రంగు పలకలను దెబ్బతీసింది 1908 మూసీ వరద. దాన్ని వయసు ఖాతాలో రాయకూడదు.

వానాకాలానికి ముందు మున్సిపల్ సిబ్బంది శిథిల భవనాలను గుర్తించి నోటీసులిస్తారు. కూలే ప్రమాదమున్న ఇంటిని ఖాళీ చేయించాల్సిందే, ఆలస్యం చేస్తే ప్రాణాలు పోతాయి. మిగతా వాటి విషయంలో నోటీసులో ఇంకొంత రాయాలి: నీరు ఎటునుంచి దిగుతోంది, ఉప్పు తేలిందా, సిమెంటు ఎక్కడ పూశారు, దూలాలకు చెద పట్టిందా. చెద తిన్న దూలాన్ని మార్చక తప్పదు. చెమ్మ వల్ల ఊడుతున్న గచ్చుకైతే, కప్పు కారడం ఆపి, సిమెంటు తీసి, మళ్లీ డంగుసున్నమే పూస్తే సరిపోవచ్చు.