జాబితాలో మా పేరు

రావులపాలెంలో గౌతమి వంతెన దిగగానే అరటి గెలల వాసన. కోనసీమకు ఈ ఊరు గుమ్మం. ఆ గుమ్మంలోనే మా ఇళ్లూ ఉన్నాయి. గెలలు మోసేవాళ్లం, దూదేకి పరుపులు కుట్టేవాళ్లం, లారీలు బాగుచేసేవాళ్లం. ఓటర్ల జాబితా రాసుకోడానికి వచ్చినాయన మా అరుగు దగ్గర నిలబడి అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"సాయిబుగారూ, మీ ఇంటిపేరేంటండీ?"

పక్కింటివాళ్లకు అది అరక్షణంలో తేలే ప్రశ్న. మాకు మాత్రం చరిత్ర ప్రశ్న. షేక్ ఇంటిపేరు కాదు. సయ్యద్, పఠాన్, మహమ్మద్ కూడా తెలుగువాళ్లు అనుకునే అర్థంలో ఇంటిపేర్లు కావు. మాలో దూదేకులవాళ్లకు అచ్చ తెలుగు ఇంటిపేర్లుంటాయి. అవి చెబితే "మీరు సాయిబులేనా?" అని అనుమానం. గడి ఖాళీగా ఉండకూడదు కనుక ఏదో ఒకటి రాసుకుని పోతారు. ఒకసారి షేక్, ఒకసారి షేఖ్, మరోసారి షైక్. మా అమ్మల పేర్ల చివర 'బీ' ఓసారి అతుక్కుంటుంది, ఓసారి విడిపోతుంది, ఓసారి బేగం అయిపోతుంది. రేషన్ కార్డులో ఒక అమ్మ, ఓటరు కార్డులో ఇంకో అమ్మ, ఆధార్‌లో మూడో అమ్మ. పొయ్యి దగ్గర దగ్గుతున్నది మాత్రం ఒక్క అమ్మే.

అక్షరదోషమే కదా అని నవ్వి ఊరుకోవచ్చు. పేరు చిన్న విషయం కాదని మా జిల్లాకు బాగా తెలుసు. జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడం కిట్టక 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇంటికే నిప్పు పెట్టారు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ కూడా పేరు సంగతే చెబుతుంది. జాబితాలో పేరు లేనివాడికి ఓటు లేదు.

జాబితాతో మా సంబంధం ఈనాటిది కాదు. 1909లో తెల్లదొరలు ముస్లింలకు వేరే నియోజకవర్గాలు పెట్టారు. 1935 చట్టం కింద మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో 28 ముస్లింలవి. ఆ మాట పట్టుకుని ఇప్పటికీ మమ్మల్ని ఎత్తిపొడుస్తారు. "వేరు కావాలన్నది మీరే కదా" అంటారు. ఆ జాబితాలో ఉన్నదెవరు? శిస్తు కట్టేవాళ్లు, ఆస్తి ఉన్నవాళ్లు, చదువుకున్నవాళ్లు. దూదేకే మా తాతకు ఓటే లేదు. నవాబుల, జమీందార్ల పత్రం మీద ఆయన సంతకం లేదు. నింద మాత్రం ఆయన మనవల మీద.

రాజ్యాంగం ఆ వేరు జాబితాను చెరిపేసింది. 325వ అధికరణం ప్రకారం ఒక నియోజకవర్గానికి ఒకటే జాబితా. మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం చూపి ఎవరినీ అందులోంచి తప్పించకూడదు. 326వ అధికరణం వయోజనులందరికీ ఓటిచ్చింది. అంటే మా తాత మొట్టమొదట ఎక్కింది వేరు జాబితాలో కాదు, అందరి జాబితాలో. ఆయన పైన ఎవరో రాజుగారు, కింద ఎవరో మాల తాత. ఆ ఒక్క కాగితం మీద ముగ్గురికీ ఒకే కొలత. మేం భారతీయులం అనడానికి ఇంతకన్న మంచి సాక్ష్యం మాకు తెలీదు.

పేరు చెప్పలేకపోవడం మా ఒక్కరి కష్టమూ కాదు. మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు ఉత్తరాదిన ఎందరో ఆడవాళ్లు ఫలానావాడి భార్యను, ఫలానావాడి తల్లిని అన్నారే గాని సొంత పేరు చెప్పలేదు. దాదాపు 28 లక్షలమంది జాబితా నుంచి పోయారు. ఆ కాగితం అడిగిన పద్ధతిలో పేరు లేకపోతే మనిషే లేనట్టు.

1993లో శేషన్ ఫొటో గుర్తింపు కార్డులు తెచ్చారు. దొంగఓట్లు ఆగుతాయన్నారు, మంచిదే. ఆ రోజుల్లోనే ఢిల్లీ, బొంబాయిల్లో కొన్ని పేదల బస్తీలవాళ్లకు, ముఖ్యంగా ముస్లింలకు, మీరీ దేశస్తులని రుజువు చూపండి అంటూ నోటీసులు వెళ్లాయి. లాల్ బాబు హుస్సేన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. ఒకసారి జాబితాలో ఉన్న పేరుకు విలువ ఉంది, తీసేసే ముందు మనిషి మాట వినాలి, చూపిన ప్రతి ఆధారాన్నీ చూడాలి అంది. 1950 చట్టం 22వ సెక్షన్‌లోనూ ఉన్నదదే.

తర్వాత మనిషి బదులు కంప్యూటర్ వచ్చింది. 2015 మార్చిలో ఓటరు కార్డుకు ఆధార్ జతచేసే కార్యక్రమం మొదలైంది. సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆ ఆగస్టులో ఆగింది. 2018 తెలంగాణ ఎన్నికల రోజు ఎంతోమంది పోలింగు కేంద్రం దాకా వెళ్లి పేరు లేక తిరిగొచ్చారు. అక్కడి ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. 2019 మొదట్లో మన రాష్ట్రంలో పేర్లు తొలగించమంటూ ఫారం 7లు లక్షల్లో వచ్చిపడ్డాయి, పోలీసు కేసులయ్యాయి. ఒక వీధిలో పదిమంది మస్తాన్‌లుండే మాలాంటివాళ్లకు 'ఒకే పేరు రెండుసార్లుంది' అనే మాట వింటేనే గుండె జారుతుంది.

2021 సవరణ చట్టం మరికొన్ని మార్పులు తెచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఇదివరకు జనవరి 1 కోసమే చూడాల్సి వచ్చేది. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ లెక్కే. ఇది మేలు. 2022 ఆగస్టు 1 నుంచి ఫారాలు మారాయి. ఆధార్ ఇవ్వడానికి 6బి, దిద్దుబాటుకూ ఇల్లు మారినందుకూ ఒకే ఫారం 8. ఆధార్ తప్పనిసరి కాదని ఎన్నికల సంఘం 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ సంగతి మా వీధి దాకా ఎవరు తెచ్చారు? కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మా చెల్లెళ్లకు ఫారం 6ఎ అని ఒకటుందని ఎవరు చెప్పారు?

2025లో బీహార్‌లో జాబితాను మళ్లీ మొదట్నించి సరిచూశారు. ఆగస్టు ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. కారణాలతో సహా ఆ పేర్లు బయటపెట్టమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. తీసేసిన పేర్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. పేదవాడి కాగితం ఎప్పుడూ అసంపూర్ణమే. మా కాగితానికి అదనంగా అనుమానం తోడవుతుంది, అంతే తేడా.

మా తప్పూ ఉంది. ఓటు బ్యాంకు అని పిలిస్తే కోప్పడతాం. ఆ బ్యాంకులో మన ఖాతా పేరు సరిగా ఉందో లేదో చూసుకోం. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు మసీదు అరుగు మీద కూర్చుని ఒక్కొక్క పేరూ చదివినవాళ్లు మాలో ఎందరు? ఎన్నికలకు ముందురోజు మా వీధికొచ్చే నాయకుడూ చదవడు. చదువుకున్న మా హిందూ స్నేహితులూ అదేదో మా సొంత గొడవనుకుంటారు.

ఫారం 6 దగ్గరపెట్టుకుని చూస్తే ఒక చిన్న సంగతి కనిపిస్తుంది. ఇంటిపేరు గడి పక్కన 'ఉంటే' అని రాసి ఉంది. ఉంటేనే. ఇన్నేళ్లూ లేని ఇంటిపేరు మా చేత చెప్పించారు, మేమూ తలొంచుకుని చెప్పాం. ఈసారి వచ్చినాయనకు అరుగు మీద చాప వేసి, మంచినీళ్లిచ్చి చెబుతాం. "ఆయ్, ఆ గడి వదిలెయ్యండి. అమ్మ పేరు అమ్మే చెబుతుంది. ఆవిడ చెప్పినట్టు రాయండి."