తిరిగే జనానికి తిరిగే బడి

రైళ్లు రాకముందు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కనంతా తిరిగినవాళ్లు మన సుగాలీలు. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లు, రోడ్లు ఆ వ్యాపారాన్ని మింగేశాక తండాలు కట్టుకుని నిలబడ్డారు. ఎరుకలవాళ్ల కథ ఇంకా చేదు. నేరస్థ తెగల చట్టం కింద వాళ్ల అడుగడుగునా పోలీసు నిఘా ఉండేది. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. తిరగడమే బతుకైన ఇలాంటి జనానికి బడి ఎప్పుడూ ఒకటే చెప్పింది: జూన్‌లో రా, ఏప్రిల్ దాకా కదలకుండా కూర్చో.

ఆ తిరుగుడు ఇంకా ఆగలేదు. వాన మొహం చాటేసి వేరుశనగ చేతికి రాని ఏడాది హిందూపురం, పెనుకొండ, ధర్మవరం స్టేషన్లలో మూటలతో బెంగుళూరు బండి ఎక్కేవాళ్లను చూడండి. మన వ్యాపారం పోగొట్టిన రైలే ఇప్పుడు మనల్ని కూలికి మోసుకుపోతోంది. అమ్మానాయన వెంట పోయిన పిల్లకు ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో చదువు తెగిపోతుంది. పద్దెనిమిదేళ్లు నిండాక మళ్లీ ఆ బెంచీ మీద కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే పని ఢిల్లీలో 1979లో మొదలైంది. కేంద్ర మాధ్యమిక విద్యా బోర్డు ప్రయోగంగా ఒక ఓపెన్ స్కూలు పెట్టింది. 1989లో అది జాతీయ సంస్థ అయింది. ఈ రోజు ఎన్.ఐ.ఓ.ఎస్. అంటున్నది దాన్నే. మన రాష్ట్రంలో ఓపెన్ స్కూల్ సొసైటీ 1991లో వచ్చింది. అయితే మొదట్లో అది ప్రాథమికోన్నత స్థాయి దాటలేదు. పదో తరగతి 2008-09లో, ఇంటర్ 2010-11లో మొదలయ్యాయి. అంటే దాదాపు పదిహేడేళ్లు మన పిల్లలు ఏడో మెట్టు మీదే ఆగిపోయారు. ఈ ఆలస్యం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు.

విచిత్రమేమిటంటే, అంతకుముందే 1982లో మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. బడి చదువు లేకపోయినా అర్హత పరీక్ష రాసి అందులో నేరుగా డిగ్రీలో చేరే వీలుండేది. పై అంతస్తుకు తలుపు తెరిచారు గాని కింద మెట్లు కట్టలేదు. ఉద్యోగాల దగ్గర ఆ లోటు బయటపడింది. డిగ్రీ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో చేసిన పీజీ చెల్లదని 2009లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. పదో తరగతి సర్టిఫికెట్ విలువ అక్కడ అర్థమవుతుంది. పుట్టిన తేదీకి అదే రుజువు. గల్ఫ్‌కు పోయేవాడికి పాస్‌పోర్టులో వలస తనిఖీ తప్పేది కూడా దానివల్లే.

ఓపెన్ స్కూలు పద్ధతిలో నాకు నచ్చింది క్రెడిట్ల లెక్క. పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండితే చేరవచ్చు. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టు ఖాతాలో పడిపోయినట్టే, దాన్ని మళ్లీ రాయక్కర్లేదు. మగ్గం మీద కూర్చునే అమ్మాయి ఈ ఏడాది తెలుగు, సాంఘికం రాసి, లెక్కలు వచ్చే ఏడాదికి పెట్టుకోవచ్చు. చీర నేసినట్టే, ఆపిన చోటు నుంచి అందుకోవచ్చు.

మెచ్చుకోలేనిదీ ఉంది. పుస్తకం తెరవకుండా గైడు బట్టీ పట్టి గట్టెక్కితే కాగితం చేతికొస్తుంది గాని చదువు రాదు. ఇంట్లో గోర్ బోలి మాట్లాడే పిల్లకు తెలుగు పాఠం రెండో భాషే. దూరవిద్యలో పక్కన కూర్చుని విడమరిచి చెప్పేవాళ్లుండరు. సెలవు రోజుల్లో పెట్టే తరగతులే దిక్కు. కూలికి పోయేవాళ్లకు అవీ అందవు. తండాలో చదువుకున్న వదినో బావో రాత్రిపూట గంటసేపు కూర్చోబెడితే తప్ప ఈ గండం గడవదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. మామూలు బడిలో పదో తరగతి తప్పినవాళ్లు, పాసైన సబ్జెక్టుల్లో రెండింటి దాకా మార్కులు ఓపెన్ స్కూలుకు తెచ్చుకోవచ్చు. ఫారం నింపేటప్పుడు పాత మెమో ఉందా అని అడగండి. అడగకపోతే గట్టెక్కిన పరీక్షే ఆ పిల్ల మళ్లీ రాయాల్సి వస్తుంది.