హైపవర్ రాకెట్ కిట్: కూర్పు, మార్పు

అభిరుచి రాకెట్లలో మోటారు మొత్తం ప్రచోదనం 160 న్యూటన్-సెకన్లు దాటితే అది హైపవర్ కోవలోకి వస్తుంది. కిట్‌ను మార్చడమంటే పెద్ద మోటారు దూర్చడమే అనుకుంటారు చాలామంది. నిజానికి అది బరువు సర్దే పని. గరిమనాభి (రాకెట్ తూగే బిందువు) పీడన కేంద్రానికి (గాలి ఒత్తిడి మొత్తంగా పనిచేసే బిందువుకు) ముందు కనీసం ఒక గొట్టపు వ్యాసమంత దూరంలో ఉండాలి. 10 సెంటీమీటర్ల గొట్టానికి 10 సెంటీమీటర్లన్నమాట. తోకలో బరువైన మోటారు చేరగానే గరిమనాభి వెనక్కి జరిగి ఆ దూరం తరుగుతుంది. రెక్కలు పెంచితే సరిపోదా? పీడన కేంద్రం వెనక్కి పోతుంది, నిజమే. కానీ రెక్కల బరువూ తోకమీదే పడుతుంది. పైగా స్థిరత్వం అతిగా ఉన్న రాకెట్ గాలి వచ్చే దిక్కుకే ముక్కు తిప్పుతుంది. సముద్రపు గాలి వీచే విశాఖ తీరంలో ఇది చిన్న లోపం కాదు. ముక్కులో బరువు వేయడమో, గొట్టం పొడిగించడమో మేలు.

విశాఖలోని మల్కాపురంలో ఈ పనంతా చేయవచ్చు, ఎగరేయడం మాత్రం కుదరదు. 1957లో కాల్టెక్స్ ప్రారంభించిన, నేటి హెచ్‌పీసీఎల్ చమురు శుద్ధి కర్మాగారం అక్కడే ఉంది; 1997 సెప్టెంబరులో అందులో జరిగిన ఎల్‌పీజీ ప్రమాదం ఎన్నో ప్రాణాలు తీసింది. నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా కూడా దూరమేమీ కాదు. ఎగరనప్పుడు కూర్పు ఎందుకన్న ప్రశ్న సహజమే. అయితే మోటారు బరువుకు సమానమైన ఇనుప కడ్డీని తోకలో పెట్టి, రాకెట్‌ను తాడుకు వేలాడదీస్తే గరిమనాభి దొరుకుతుంది. అందుకు చిటికెడు ఇంధనమైనా అక్కర్లేదు. ఎగరేయాలంటే మాత్రం ఖాళీ చోటు కావాలి: శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న రోహిణి-125 రాకెట్ ఎగిరిందంటే, ముందు ఖాళీ సముద్రం ఉండబట్టే.