ఇంధనం లీకై ఇంజిన్‌కు మంట: దర్యాప్తులో ఏం చూస్తారు, సీట్లో ఉన్న మనం ఏం చేయాలి

కువైట్ నుంచి హైదరాబాద్‌కు రాకపోకలు సాగించే మన వాళ్లలో చాలామందికి 2018 ఆగస్టు 2 గుర్తుండే ఉంటుంది. ఆ రోజు అర్ధరాత్రి దాటాక ఇక్కడి నుంచి వెళ్లిన జజీరా ఎయిర్‌వేస్ విమానం శంషాబాద్‌లో దిగింది. దిగాక ఒక ఇంజిన్ నుంచి మంటలు కనిపించాయి. పైలట్ ఇంజిన్ ఆపేశారు, ఎయిర్‌పోర్టు ఫైర్ సిబ్బంది మంట ఆర్పారు. 145 మంది ప్రయాణికులు క్షేమంగా బయటపడ్డారు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లలో వినిపించే మాట "అదే గాల్లో ఉన్నప్పుడు అంటుకుని ఉంటే!" అని. నేను బీఎస్సీ చదివి గృహిణిగా స్థిరపడినదాన్ని, విమానాల ఇంజినీరును కాను. కానీ ఇలాంటి ఘటనల మీద వచ్చిన దర్యాప్తు నివేదికలు ఓపిగ్గా చదివితే ఒక విషయం అర్థమైంది. ఇంధనం లీకైన చాలా కేసుల్లో లీకు ముందే మొదలవుతుంది, మంట మాత్రం చక్రాలు నేలను తాకాక వస్తుంది. అంటే మనం "హమ్మయ్య" అనుకుని సీటు బెల్టు విప్పి, పైన ఉన్న బ్యాగుల కోసం లేచే సమయంలో.

ఎందుకలా? విమానంలో వాడే జెట్ ఏ-1 ఒక రకం శుద్ధి చేసిన కిరోసిన్. దాని ఫ్లాష్ పాయింట్ కనీసం 38 డిగ్రీలు ఉండాలి. అంతకన్నా చల్లగా ఉన్నప్పుడు అగ్గిపుల్ల చూపించినా పట్టుకునేంత ఆవిరి దాని మీద ఉండదు. మన కువైట్ ఎండల్లో ఆ గీత ఎప్పుడో దాటిపోతుంది. 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఇంజిన్ వెనక భాగంలో లోహం వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది, అక్కడ ఇంధనం పడితే నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. అయితే గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు బయటికి కారిన ఇంధనాన్ని గాలి తుంపరలుగా చేసి వెనక్కి ఈడ్చేస్తుంది, ఆ చోటును చల్లబరుస్తుంది కూడా. రన్‌వే మీద వేగం తగ్గగానే ఆ గాలి ఆగిపోతుంది. ఇంధనం బొట్లుగా కారి, ఒకచోట చేరి, వేడి భాగం మీదకు జారుతుంది. దిగగానే ఇంజిన్ పెద్దగా మోగుతుంది చూడండి, దాన్ని రివర్స్ థ్రస్ట్ అంటారు. గాలిని ముందుకు మళ్లించి విమానాన్ని ఆపే పద్ధతి అది. అప్పుడు గాలి దారి మారి, అప్పటిదాకా ఇంధనం చేరని చోటికి చేరవచ్చు.

దీనికి నేను చదివిన వాటిలో అన్నిటికన్నా స్పష్టమైన కేసు సింగపూర్ ఎయిర్‌లైన్స్ 368. 2016 జూన్ 27న రెండు దాటాక సింగపూర్ నుంచి మిలాన్‌కు బయలుదేరిన బోయింగ్ 777-300 ఈఆర్. 222 మంది ప్రయాణికులు, 19 మంది సిబ్బంది. కుడి ఇంజిన్ ఆయిల్ గురించి కాక్‌పిట్‌లో హెచ్చరిక కనిపించింది, క్యాబిన్‌లో కాలిన వాసన వచ్చింది. వెనక్కి తిరిగి ఉదయం ఏడుకు కాస్త ముందు చాంగీలో దిగింది. రివర్స్ థ్రస్ట్ వేయగానే కుడి ఇంజిన్ దగ్గర మంట లేచి రెక్కకు పాకింది.

దర్యాప్తులో దొరికిన దోషి ఒక చిన్న గొట్టంలో పగులు. ఇంజిన్‌లో ఆయిల్ వేడెక్కుతుంది, ఇంధనం చల్లగా ఉంటుంది. రెండిటినీ పక్కపక్కనే పారించి ఆయిల్‌ను చల్లబరచి ఇంధనాన్ని వెచ్చబరిచే పెట్టె ఒకటుంటుంది. కెమిస్ట్రీ ల్యాబులో లీబిగ్ కండెన్సర్ వాడినవాళ్లకు చెప్పక్కర్లేదు: లోపలి గొట్టంలో ఆవిరి, చుట్టూ నీళ్లు, రెండూ కలవవు. లోపలి గాజు చిట్లితే మాత్రం అంతా కలిసిపోతుంది. సింగపూర్ విమానంలో జరిగింది అదే. పగులు గుండా ఇంధనం ఆయిల్ వ్యవస్థలోకి దూరి, అక్కడి నుంచి ఇంజిన్‌లో తాను ఉండకూడని చోట్లకు చేరింది. హెచ్చరిక ఆయిల్ పేరుతో రావడానికి కారణం ఇదే. అసలు జబ్బు ఇంధనానిది. ఆ భాగాన్ని తనిఖీ చేయమని ఇంజిన్ తయారీదారు అంతకుముందే సూచన ఇచ్చి ఉన్నారు, ఈ ఇంజిన్ వంతు తర్వాతి షాపు మరమ్మతులో రావాల్సి ఉంది. ఈలోపే మంట వచ్చింది. తర్వాత ఆ తనిఖీని ముందుకు జరిపారు. కువైట్ ఎయిర్‌వేస్ 777లలో ఉన్నది కూడా ఇదే జీఈ90 కుటుంబం ఇంజిన్. కాబట్టి ఇది ఎక్కడో సింగపూర్ గొడవ అనుకోనక్కర్లేదు.

కాలిపోయిన ఇంజిన్‌లో ఇంత చిన్న పగులును ఎలా పట్టుకుంటారు? మొదట చూసేది మసి. గాల్లో మంట వస్తే మసి చారలు గాలివాటున వెనక్కి సాగి ఉంటాయి. విమానం ఆగాక వస్తే, మన పొయ్యి వెనక గోడ మీద లాగా, పైకి లేస్తాయి. అక్కడే సగం కథ తెలిసిపోతుంది. తర్వాత ఫ్లైట్ డేటా రికార్డర్‌లో ఇంధన ప్రవాహం, ఆయిల్ ఒత్తిడి, ఉష్ణోగ్రతలు ఏ క్షణంలో ఎలా మారాయో చూస్తారు. ఆయిల్ నమూనాలో ఇంధనం కలిసిందేమో పరీక్షిస్తారు. పైపుల్లోకి ఒత్తిడితో ద్రవం పంపి ఎక్కడ ఊరుతుందో వెతుకుతారు. అనుమానం వచ్చిన ముక్కను ఎక్స్‌రే తీసి, కోసి, సూక్ష్మదర్శిని కింద పెడతారు. ఒక్కసారిగా విరిగిన లోహం ఒకలా ఉంటుంది, రోజూ కొద్దికొద్దిగా అలసి పగిలిన లోహం మీద సన్నటి గీతలు ఉంటాయి.

పగులు మాత్రమే కారణం కానక్కర్లేదు. 2007 ఆగస్టు 20న జపాన్‌లోని నాహాలో చైనా ఎయిర్‌లైన్స్ 737-800 దిగి, పార్కింగ్ దాకా వచ్చి ఆగింది. రెక్క ముందు భాగాన్ని లోపలికి మడిచే యంత్రాంగంలో ఒక నట్టు ఊడిపోయి, బోల్టు వదులై ఉంది. రెక్క మడుచుకున్నప్పుడు ఆ బోల్టే ఇంధన ట్యాంకుకు చిల్లు పెట్టింది. మరమ్మతు చేసినప్పుడు ఒక వాషర్ పెట్టకపోవడం దీనికి మూలం అని తేలింది. విమానం పేలి బూడిదైంది, లోపలున్న 165 మందీ బయటపడ్డారు. కొద్ది రోజుల్లోనే అమెరికా విమానయాన సంస్థ ఆ రకం విమానాలన్నిటినీ తనిఖీ చేయించింది, వదులైన భాగాలు మరికొన్నిటిలోనూ దొరికాయి.

2015 అక్టోబర్ 29న ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో డైనమిక్ ఎయిర్‌వేస్ 767 ఇంకా గాల్లోకి లేవనే లేదు. ఎడమ ఇంజిన్ నుంచి ఇంధనం కారుతోందని వెనక వస్తున్న విమానం వాళ్లు చూసి చెప్పారు, ఆ వెంటనే మంట. పైపుల జాయింటు ఊడకుండా కట్టాల్సిన సన్నటి తీగ, లాక్‌వైర్, మరమ్మతు వాళ్లు కట్టలేదు. ఇవన్నీ చదివాక నాకైతే పెద్ద యంత్రాల కన్నా వాషర్లు, తీగల మీదే ఎక్కువ గౌరవం కలిగింది.

దర్యాప్తు ఎవరు చేస్తారన్నది కూడా మనవాళ్లకు ఉండే సందేహమే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లో 13వ అనుబంధం ప్రకారం ఘటన ఏ దేశంలో జరిగితే ఆ దేశానిదే బాధ్యత. కువైట్ విమానానికి శంషాబాద్‌లో ఏదైనా జరిగితే దర్యాప్తు భారత్‌ది. విమానం నమోదైన దేశం, నడిపే సంస్థ దేశం, డిజైన్ చేసిన, తయారుచేసిన దేశాలు ప్రతినిధులను పంపవచ్చు. భారత్‌లో ఈ పని 2012లో ఏర్పడిన విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో చూస్తుంది. ఈ దర్యాప్తు ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటం, శిక్ష వేయడం దీని పని కాదు. "ఎవర్నీ జైల్లో పెట్టలేదే" అని వాట్సాప్‌లో కోప్పడేవాళ్లు ఉంటారు. తీగ కట్టని మెకానిక్ భయంతో నోరు మూసుకుంటే తర్వాతి విమానానికే నష్టం, కాబట్టి ఈ ఏర్పాటు నాకు సబబుగానే తోస్తుంది. పరిహారం, కేసులు వేరే దారిలో నడుస్తాయి.

ఇక సీట్లో కూర్చున్న మన సంగతి. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేయడానికి కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఎంతమందో. చాలామందికి జీవితంలో మొదటి విమానం అదే, అందులో ప్రకటనలు అరబ్బీలో, ఇంగ్లీషులో. మా బిల్డింగ్‌లో పనిచేసే ఒకావిడ ఊరికి బయలుదేరుతూ నన్ను అడిగింది, "దిగినాక గూడా కూచోవాల్నా అక్కా?" అని. కూచోవాల. విమానం పూర్తిగా ఆగి, బెల్టు దీపం ఆరేదాకా.

మంట కనిపించినా వెంటనే తలుపు వైపు పరిగెత్తడం మంచిది కాదు. సింగపూర్ విమానంలో కెప్టెన్ ఫైర్ అధికారితో మాట్లాడి, మంట అదుపులోకి వస్తోందని తెలుసుకుని అందర్నీ కూర్చోబెట్టారు. తర్వాత మామూలు మెట్ల మీదుగా దింపారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో మాత్రం కుడి ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే జనం దిగడం మొదలైంది, దాని వెనక్కి వెళ్లిన ఒక ప్రయాణికుడు ఆ గాలి దెబ్బకు తీవ్రంగా గాయపడ్డారు. ఏ వైపు తలుపు తెరవాలో సిబ్బంది కిటికీలోంచి చూసి నిర్ణయిస్తారు.

దిగమన్నారంటే మాత్రం బ్యాగు వదిలేయాలి. సగం తలుపులే పనిచేసినా 90 సెకన్లలో అందరూ బయటపడగలగాలి అన్నది విమానానికి పెట్టే పరీక్ష. ఆ పరీక్షలో ఎవరూ సూట్‌కేసు మోయరు. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వెళ్లిన ఎమిరేట్స్ విమానం కూలి కాలిపోయినప్పుడు లోపల పొగ నిండుతుంటే సామాన్ల కోసం చేతులు చాపిన వీడియో అందరం చూశాం. మనవాళ్లు బ్యాగు వదలరు, ఎందుకంటే పాస్‌పోర్టు, సివిల్ ఐడీ, రెండేళ్ల జీతంతో కొన్న బంగారం అందులోనే ఉంటాయి. అందుకే టేకాఫ్‌కు, ల్యాండింగ్‌కు ముందు ఆ మూడు వస్తువులూ, ఫోనూ ఒక చిన్న సంచిలో పెట్టి మెడకో నడుముకో కట్టుకోండి. అప్పుడు పైన మిగిలేవి బట్టలూ, పిల్లలకు కొన్న చాక్లెట్లే.

కిటికీ పక్క కూర్చున్నవాళ్లకు ఇంకో మాట. తేమగా ఉన్న రోజు దిగేటప్పుడు రెక్క మీద తెల్లటి పొగలాంటిది కనిపిస్తే అది నీటి ఆవిరే. విమానం నేల మీద కదులుతుండగా రెక్క కిందనో ఇంజిన్ కిందనో ధారగా ఏదైనా కారుతుంటే, కిరోసిన్ వాసన ఘాటుగా వస్తుంటే, బెల్ నొక్కి సిబ్బందికి చెప్పండి. భాష రాకపోతే వేలితో చూపించినా చాలు. కాక్‌పిట్ నుంచి రెక్క కింది భాగం కనిపించదు, మీ సీట్లోంచి కనిపిస్తుంది.